వాట్సాప్ స్టేటస్ పెట్టానని ఉద్యోగం తీసేశారు: లేబర్ ఆఫీసులో నా అనుభవం

అనంతపురం సుభాష్ రోడ్డులో ఒక రెడీమేడ్ షోరూమ్‌లో మూడేళ్లకు పైగా బిల్లింగ్ కౌంటర్‌లో పనిచేశాను. షాపు పేరు ఇక్కడ రాయను. 2022 దసరా సీజన్‌లో, పొద్దున నిలబడితే రాత్రి షట్టర్ దించేదాకా కూర్చునే పనే లేదు, కౌంటర్ దగ్గర స్టూల్ వేస్తే కస్టమర్లకు బాగుండదట. (కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో షాపుల్లో పనిచేసేవాళ్లు కూర్చోవడానికి సీటు వేయాలని చట్టం మార్చారు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.) దానికి తోడు క్యారీ బ్యాగు గొడవ. బిల్లు అయ్యాక "బ్యాగుకు పది రూపాయలు" అని మేమే అడగాలి, బ్యాగు మీద చూస్తే షాపు పేరు ఇంతింత అక్షరాలతో ఉంటుంది. రెండు వేలకు బట్టలు కొన్న పెద్దాయన "ఏమ్మా, మీ షాపు పేరు మోసేదానికి నేను దుడ్లియ్యాల్నా?" అంటే ఏం చెప్పాలి?

ఒక రాత్రి ఇంటికొచ్చి స్టేటస్ పెట్టాను. "బ్యాగుకు డబ్బులు తీసుకునేది కంపెనీ, మేము కాదు. పన్నెండు గంటలు నిలబడి ఉంటాం, దయచేసి మాతో కొట్లాడొద్దు" అని, అంతే. ఎవరో స్క్రీన్‌షాట్ తీసి ఊరి ఫేస్‌బుక్ గ్రూపులో వేశారు.

మరుసటి రోజు మేనేజర్ పైకి పిలిచి ఒక కాగితం చూపించాడు. ఉద్యోగంలో చేరిన రోజు ఇంగ్లీషు కాగితాల కట్ట ఇచ్చి, పెన్సిల్‌తో టిక్కులు పెట్టిన చోటల్లా సంతకం చేయమంటే చేశాం కదా, అందులోది. కంపెనీ పేరు చెడేలా సోషల్ మీడియాలో ఏదీ రాయకూడదని ఉంది. "రిజైన్ రాసిచ్చెయ్, ఈ నెల జీతం ఇచ్చి పంపిస్తాం, లేకపోతే ఎక్స్‌పీరియన్స్ లెటర్ కూడా రాదు" అన్నాడు. మా మామ ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు, యూనియన్‌లో తిరిగిన మనిషి. బాత్రూమ్‌కని పోయి ఆయనకు ఫోన్ చేశాను. "ఒక్క ముక్క కూడా రాయొద్దు తల్లీ, తీసేస్తే వాళ్లనే తీసేయనీ" అన్నాడు. రాయలేదు. ఆ రాత్రే మేనేజర్ నుంచి మెసేజ్, "రేపటి నుంచి డ్యూటీకి రావద్దు" అని. కాసేపటికి స్టాఫ్ గ్రూపులోంచి కూడా తీసేశారు.

సోమవారం కలెక్టరేట్‌లో స్పందనలో అర్జీ ఇచ్చాను, అది కార్మిక శాఖకు వెళ్లింది. ఈలోపు కంపెనీ లాయర్ నుంచి రిజిస్టర్డ్ పోస్టు వచ్చింది, పరువు నష్టం కింద ఐదు లక్షలు కట్టాలి, లేదంటే క్రిమినల్ కేసు అని. మా అమ్మ రెండు పూటలు అన్నం ముట్టలేదు. అప్పుడే పక్కింటి అక్క జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లమంది. ఆడవాళ్లకైతే ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ను పెడతారు, 1987 చట్టం సెక్షన్ 12లో ఉన్న హక్కే అది. ఈ సంగతి మా షాపులో ఒక్క అమ్మాయికీ తెలియదు.

లాయర్ మేడం నోటీసు చదివి పక్కన పెట్టేసింది. పరువు నష్టం కేసులో పోలీసులు తమంతట తాము ఎఫ్ఐఆర్ కట్టలేరట, కంపెనీయే కోర్టులో ప్రైవేట్ కంప్లయింట్ వేసుకోవాలట. పైగా ఇలాగే బ్యాగులకు డబ్బులు తీసుకున్న ఒక పెద్ద రిటైల్ కంపెనీ కేసులో అది అనుచిత వ్యాపార పద్ధతి అని 2020 డిసెంబరులో జాతీయ వినియోగదారుల కమిషనే చెప్పింది. "నువ్వు రాసిందాంట్లో అబద్ధం ఏముంది?" అంది. మా తమ్ముడు ఇంటర్నెట్‌లో వెతికి, అమెరికాలో కాస్ట్‌కో అనే స్టోర్ల కంపెనీ సోషల్ మీడియా రూలు చెల్లదని అక్కడి కార్మిక బోర్డు 2012లో చెప్పిందని తెచ్చాడు. మేడం నవ్వి "అది వాళ్ల చట్టం బాబూ" అంది. నేను రాజ్యాంగం, వాక్ స్వాతంత్ర్యం అని మొదలుపెడితే దాన్నీ ఆపేసింది. ఆ దారిలో పోతే ఏళ్లు పడుతుంది, మనకు కావలసింది రెండే ప్రశ్నలు అంది: నిన్ను తీసేశారా లేదా, తీసేస్తే పద్ధతి ప్రకారం తీసేశారా?

ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం 1988 సెక్షన్ 47 ప్రకారం ఆరు నెలలు దాటి పనిచేసిన మనిషిని సరైన కారణం లేకుండా తీసేయకూడదు, తీసేస్తే నెల ముందు రాతపూర్వకంగా నోటీసు, లేదా నెల జీతం ఇవ్వాలి. తప్పు చేసిందని నోటీసు లేకుండా పంపాలంటే విచారణ జరిపి సాక్ష్యం రికార్డు చేయాలి. నాకు మెమో లేదు, విచారణ లేదు.

లేబర్ ఆఫీసులో ఇద్దరినీ కూర్చోబెట్టే జాయింట్ మీటింగ్ మొదటిసారి పెడితే వాళ్లు రాలేదు. తర్వాత హైదరాబాద్ నుంచి హెచ్ఆర్ ఆయన వచ్చి, మేము తీసేయలేదు, ఆమే రావడం మానేసింది అన్నాడు. ఆ మాట వినగానే నాకు చేతులు వణికాయి, కోపంతో. కానీ మేడం దీనికి ముందే సిద్ధంగా ఉంది. మేనేజర్ మెసేజ్ ప్రింటవుట్, దాంతోపాటు సాక్ష్య చట్టం 65బి కింద సర్టిఫికెట్ జతచేసింది. ఈ సర్టిఫికెట్ గురించి కాస్త చెప్పాలి. కోర్టు దాకా పోతే ఉత్త స్క్రీన్‌షాట్ ప్రింటు నిలబడదు. ఏ ఫోన్, ఎవరి నంబర్, ప్రింటు ఎలా తీశారు అని రాసి ఫోన్ సొంతదారు సంతకం చేయాలి. 2024 జూలై నుంచి ఇది కొత్త సాక్ష్య చట్టంలో సెక్షన్ 63లోకి వచ్చింది, ఇప్పుడు దాని మీద నిపుణుడి సంతకం కూడా ఉండాలి. ఫోన్ మాత్రం అమ్మకూడదు, ఫార్మాట్ చేయకూడదు. నా ఫోన్ స్క్రీన్ పగిలినా అలాగే వాడాను. ఉమంగ్ యాప్‌లోంచి తీసిన పీఎఫ్ పాస్‌బుక్ కూడా ఇచ్చాం, కంపెనీ పేరు, ఏ నెల నుంచి పీఎఫ్ జమైందో అందులోనే ఉన్నాయి.

లేబర్ ఆఫీసర్ నేను సంతకం చేసిన సోషల్ మీడియా పాలసీ కాగితం తిరగేసి "ఇది సరేనయ్యా, విచారణ కాగితాలేవి?" అని అడిగాడు. హెచ్ఆర్ ఆయన ఫోన్ పట్టుకుని బయటికి పోయాడు. పాలసీ చెల్లుతుందా లేదా అన్న మాట ఆ గదిలో ఎవరూ తేల్చలేదు, తేల్చాల్సిన అవసరమే రాలేదు. రాజీ కుదరకపోతే, అర్జీ ఇచ్చి 45 రోజులు దాటాక నేరుగా మన అనంతపురం లేబర్ కోర్టుకే పోవచ్చని అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం 2ఏలో ఉందని మేడం వాళ్ల ముందే అంది.

చివరికి లేబర్ ఆఫీసర్ ముందు రాజీ ఒప్పందం, అంటే ఆ చట్టంలోని 12(3) సెటిల్‌మెంట్ అయింది. నోటీసు జీతం, ఆపిన జీతం, సెలవుల డబ్బులు, సర్వీస్ సర్టిఫికెట్, లీగల్ నోటీసు వెనక్కి. వాళ్లు తెచ్చిన డ్రాఫ్ట్‌లో "ఇకపై కంపెనీ గురించి ఎక్కడా మాట్లాడరాదు" అని ఒక లైన్ ఉండింది. మేడం దాన్ని కొట్టేయించి, "కంపెనీ పేరు పెట్టి సోషల్ మీడియాలో రాయను" వరకే ఉంచింది. ఉద్యోగం మళ్లీ అడగలేదు, ఆ మేనేజర్ కింద చేయడం నావల్ల కాదు.

బ్యాగుకు డబ్బులు అక్కడ ఇప్పటికీ తీసుకుంటున్నారు. అది లేబర్ ఆఫీసులో తేలేది కాదు, బిల్లు పెట్టుకుని వినియోగదారుల కమిషన్‌లో కస్టమరే వేయాలి. బిల్లులో బ్యాగు పేరుతో విడిగా లైన్ పడుతుంది, బిల్లు పారేయకండి.