లైర్ దగ్గర ఎవరూ లేరు

హెల్మెట్ ముందు సెల్ఫీల కోసం తోపులాట. లైర్ అనే పాత తీగవాద్యం దగ్గర మాత్రం నేనొక్కడినే. బ్రిటిష్ మ్యూజియం, 41వ గది.

ఆ రెండూ దొరికిన ఇంగ్లండ్‌లోని సటన్ హూలో 1939లో పాత ఇంగ్లీషు వాళ్ళ ఓడ సమాధిని తవ్వితే, 27 మీటర్ల ఓడ కర్రంతా మట్టిలో కలిసిపోయి ఇనుప మేకుల వరసలే మిగిలాయి. శవాన్ని కూడా ఆ పుల్లమట్టి తినేసింది. కానీ బీవర్ తోలు సంచి పీలికలతో పాటు ఈ మేపుల్ చెక్క ముక్కలు దొరికాయి! మొదట హార్ప్ అనుకుని అతికించారు. ఏళ్ళ తర్వాత, కాదు కాదు, లైర్ అని మళ్ళీ కట్టారు. ఆరు తీగలు.

పాత ఇంగ్లీషు కావ్యం బేవుల్ఫ్‌లో రాజుగారి హాల్లో పాటా వాద్యమూ వినబడే కొద్దీ గ్రెండెల్ అనే రాక్షసుడికి ఒళ్ళు మండిపోతుంది. నేనేమో ఆ కావ్యాన్ని ఇన్నాళ్ళూ కాగితం మీదే చదివాను, తంబురా లేని బుర్రకథలాగా.

అటు ఇంగ్లీషువాళ్ళకి ఎదురు నిలిచిన బ్రిటన్ల సంగతి ఇంకోలా ఉంది. పాత వెల్ష్ భాషలోని గొదోదిన్ కావ్యం నిండా కత్రాయెత్ యుద్ధంలో పోయిన వీరుల పేర్లే. ఏడాది పాటు దొర పోసిన తేనె మద్యం తాగి, ఆ రుణం ప్రాణాలతో తీర్చుకున్నారట. పేర్లున్నాయి, సమాధులు లేవు. ఇక్కడ సటన్ హూలో బంగారం బోలెడుంది, పేరు లేదు. ఆ సమాధిలోని వాడు తూర్పు ఆంగ్లియా రాజు రెడ్వాల్డే అయ్యుంటాడని చాలామంది అంటారు, నాకూ అలాగే అనిపిస్తుంది.

ఆ లైర్ నమూనా మీద ఎవరైనా పాత ఇంగ్లీషు పద్యం పాడిన రికార్డింగ్ తెలిస్తే పంపండి. బస్సులో వినాలి.