వారానికి 42 షిఫ్టులు

అమెరికాలో మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) కింద హాస్పిస్‌కి, అంటే జబ్బు నయం చేయడం మాని చివరి రోజుల్లో బాధ తగ్గించే సేవకి, మారిన మనిషికి చాలానే అందుతాయి. నొప్పి తగ్గించే మందులు, ఆసుపత్రి మంచం, ఆక్సిజన్ ఇంటికే వస్తాయి. అర్ధరాత్రి ఫోన్ చేసినా నర్సు పలుకుతుంది. ఆ నర్సు మామూలుగా వారానికి రెండు మూడు సార్లు వస్తుంది, అదీ ఓ గంటసేపు. మిగతా వేళంతా మంచం పక్కన ఎవరుండాలి? ఇంట్లోవాళ్ళు. 1982లో అమెరికా కాంగ్రెస్ ఈ సదుపాయం తెచ్చినప్పుడు వేసుకున్న లెక్క అదే. భర్త పోయి, పిల్లలు వేరే రాష్ట్రాల్లో ఉన్న ఎనభై ఏళ్ళావిడ దగ్గర ఆ లెక్క తప్పుతుంది. నర్సింగ్ హోమ్‌లో చేరితే గదికీ తిండికీ అయ్యే ఖర్చు హాస్పిస్ పద్దు కిందకి రాదు. దాచుకున్నది కరిగిపోయి మెడికెయిడ్‌కి, అంటే పేదవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే బీమాకి, అర్హత వచ్చేదాకా సొంత డబ్బే కట్టుకోవాలి.

న్యూయార్క్ రాష్ట్రంలో, ముఖ్యంగా రాచెస్టర్ చుట్టుపక్కల ఊళ్ళలో, జనం దీనికి తమ దారి తాము వెతుక్కున్నారు. మామూలు వీధిలో మామూలు ఇల్లు, అందులో రెండే పడకలు. రెండు దాటితే రాష్ట్రం లైసెన్సు అడుగుతుంది, అందుకని అక్కడే ఆగుతారు. చాలా ఇళ్ళలో ఉండేవాళ్ళ దగ్గర పైసా తీసుకోరు. హాస్పిస్ సంస్థ నర్సు ఎవరింటికైనా వచ్చినట్టే ఇక్కడికీ వస్తుంది. ఒత్తిగిలబెట్టడం, ఎండిన నోరు తడపడం, దుప్పట్లు మార్చడం, వేళకి నాలుక కింద మార్ఫిన్ చుక్కలు వేయడం, ఇలా కుటుంబం చేయాల్సినదంతా వాలంటీర్లు చేస్తారు.

మా ఊళ్ళో అలాంటి ఇల్లు కట్టాలనుకున్నప్పుడు కమిటీలో మా ఆఫీసు టీమ్ మనిషి ఒకడున్నాడు. నేను ఆఫీసులో ఏ వేళ ఎవరు డ్యూటీలో ఉండాలో చెప్పే ఆన్‌కాల్ రోస్టర్ వేస్తాను కాబట్టి, ఇక్కడి షిఫ్టుల చార్టు కూడా నాకే అంటగట్టాడు.

కట్టడానికి డబ్బు మేము భయపడినంత కష్టంగా రాలేదు. జీతం లేకుండా పనిచేసే ఊరి ఫైర్ కంపెనీవాళ్ళు (అగ్నిమాపక దళం) చికెన్ బార్బెక్యూ పెట్టి వచ్చిందంతా ఇచ్చారు. ఒక ఎలక్ట్రీషియన్ కూలి తీసుకోకుండా వైరింగ్ చేశాడు. కిటికీలు పడుకున్నవాళ్ళకి చెట్లు కనిపించేంత కిందికి పెట్టించారు, తలుపులు మంచం వరండాలోకి దొర్లించగలిగేంత వెడల్పు. ఈ రెండూ కావాలని పట్టుబట్టింది ఓ రిటైర్డ్ నర్సు. ఆర్కిటెక్ట్ కన్నా ఆవిడ మాటే చెల్లింది, చెల్లాలి కూడా.

మనవాళ్ళ సంగతి వేరు. తెలుగు సంఘం మీటింగులో విషయం చెప్పగానే ఓ పెద్దాయన, "చూడమ్మా, గుడికైతే ఎంతన్నా ఇస్తాం. ఇది మరీ..." అని ఆగిపోయారు. దాతల పేర్లు గోడమీద చెక్కిస్తారని చెబితే సరదాపడతారనుకున్నాను. "మా అమ్మ పేరు ఆ గోడమీద వద్దొదినా, ఆవిడ ఇంకా బతికే ఉంది" అంది ఒకమ్మాయి. నవ్వొచ్చింది గానీ తను అన్నదాంట్లో తప్పేముంది? పేరు లేకుండా ఇవ్వడానికి మాత్రం ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. చాలామంది ఆఫీసు మ్యాచింగ్ ద్వారా ఇచ్చారు, వాళ్ళిచ్చినదానికి కంపెనీ అంతకంత కలిపింది. లోపలికి అడుగు పెట్టనన్న అకౌంటెంట్ ఒకాయన సేవాసంస్థలు ఏటా ఐఆర్ఎస్‌కి (పన్నుల శాఖకి) పంపే లెక్కల ఫారం 990 తనే చేసిపెడుతున్నారు. ఇంకొకాయన చలికాలం తెల్లారకముందే వచ్చి డ్రైవ్‌వేలో మంచు తీసి వెళ్తారు. సరస్సు మీంచి వచ్చే మంచు ఒక్క రాత్రిలో కారుని కప్పేస్తుంది. దారి లేకపోతే నర్సు లోపలికి రాలేదు.

అసలు కష్టం రిబ్బన్ కత్తిరించాక మొదలైంది. వారానికి 168 గంటలు. నాలుగు గంటల షిఫ్టులైతే 42. ఒక్కో షిఫ్టుకి ఇద్దరు, అంటే 84 ఖాళీలు నింపాలి, ప్రతి వారం. గోడకి డబ్బిచ్చేవాళ్ళు దొరుకుతారు, ఇల్లు వెచ్చగా ఉంచే ప్రొపేన్ గ్యాస్ బిల్లుకి దొరకరు. తెల్లవారుజామున రెండింటికి వచ్చేవాళ్ళు అసలే దొరకరు. హాస్పిస్ సంస్థల్లో జీతం తీసుకునే సిబ్బంది రోగి సేవకి పెట్టే గంటల్లో కనీసం 5 శాతానికి సమానమైన గంటలు వాలంటీర్లు పనిచేయాలని మెడికేర్ నిబంధన. ఈ ఇంట్లో దాదాపు అంతా వాళ్ళదే. కొత్త కమిటీ ఎవరైనా సలహా అడిగితే నేను చెప్పేది ఒకటే: కట్టడానికి చందాలు అడిగే రోజే నడపడానికి విడిగా అడగండి. ముందు ఇల్లు లేవనీ, తర్వాత చూద్దాం అంటే ఆ తర్వాత రాత్రి షిఫ్టులన్నీ ఇద్దరు ముగ్గురు రిటైర్డ్ నర్సుల నెత్తిన పడతాయి.

మనవాళ్ళలో శిక్షణకి వచ్చినవాళ్ళు చాలావరకు నా ఉపన్యాసం విని వచ్చినవాళ్ళు కారు. వాళ్ళ ప్రశ్న ఒకటే: "మా నాన్నగారికి అవసరమైతే తీసుకుంటారా?" విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకి మెడికేర్ లేదు. గ్రీన్ కార్డు వచ్చినా, ఇక్కడ పని చేసిన చరిత్ర లేకపోతే, 65 నిండినా, అప్పటికే వరసగా ఐదేళ్ళు ఇక్కడ ఉండి ఉంటే గానీ మెడికేర్ కొనుక్కోవడానికి కుదరదు. మా ఇల్లు వీసా అడగదు, అద్దె అడగదు. కానీ నర్సుకీ మందులకీ ఎవరో ఒకరు కట్టాలి. లాభాపేక్ష లేని హాస్పిస్‌లు కొన్ని తమ విరాళాల్లోంచి భరిస్తాయి, అది ఒక్కొక్కరి పరిస్థితిని బట్టి. ముందే మాట్లాడి పెట్టుకోమని చెబుతాను. విన్నవాళ్ళు కొందరు అక్కడే చార్టు తీసి పేరు రాస్తారు. వచ్చే నెలకి శనివారం రాత్రి పది నుంచి రెండు దాకా ఒక ఖాళీ ఇంకా అలాగే ఉంది.