మావయ్య కొలిమిలో నా చారల బాకు

పర్లాకిమిడిలో మా మావయ్యది కమ్మరి కొలిమి. కొడవళ్లు, గునపాలు, గొడ్డళ్లు చేస్తాడు. పోయినేడు ఫోన్‌లో ఒక చారల కత్తి చూపించి, "డమాస్కస్ అంటారు మావయ్యా, ఇలాంటి బాకు ఒకటి చేసుకుంటాను, కొలిమి ఇస్తావా" అన్నాను. కళ్లజోడు నుదుటి మీదికి తోసి చూశాడు. "ఏటిరా ఇది? అతుకు మీద అతుకు. గొడ్డలి నోటికి నేను ఉక్కు అతుకుతానే, అదే కదా!"

పని అదే. పేరే తేడా. పాతకాలం డమాస్కస్ కత్తుల ఉక్కు మూసల్లో కరిగించి తీసింది. ఆ చారలు ముద్దలోనే పుట్టేవి. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో చేసిన అలాంటి ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. ఇప్పుడు ఆ పేరుతో అమ్మేవి చాలావరకు రెండు రకాల ఉక్కు రేకుల్ని పేర్చి, కాల్చి, కొట్టి అతికినవే. నేను చేసిందీ అదే.

రెండు రకాలు ఎందుకంటే, చివర్లో యాసిడ్‌లో ముంచితే ఒకటి నల్లబడాలి, ఒకటి మెరవాలి. నల్లబడేదానికి లారీ కమాను కట్ట. మెరిసేదానికి సా మిల్లులో విరిగిన బ్యాండ్ సా బ్లేడు. అన్ని బ్లేడ్లూ పనికిరావు, నికెల్ కలిసినవే మెరుస్తాయి. అందుకని ముందు చిన్న ముక్క యాసిడ్‌లో వేసి చూసుకున్నాను. కమాను కట్టను మావయ్య సాగగొట్టి 3 మిల్లీమీటర్లకు తెచ్చాడు. ఆ రేకులు ఆరు, మధ్యమధ్య బ్లేడు ముక్కలు ఐదు, మొత్తం పదకొండు పేర్చి ఒక కట్ట చేశాను. ఒక చివర వెల్డింగ్ పెట్టి, పట్టుకోవడానికి కడ్డీ అతికించాను.

మొదటిసారి పూర్తిగా చెడింది. మావయ్య అలవాటు ప్రకారం అతుకు మీద ఏటి ఇసుక చల్లాడు. మెత్తటి ఇనుముకి ఇసుక చాలు. అది బాగా తెల్లగా కాగినా ఓర్చుకుంటుంది, ఆ వేడికి ఇసుక కరిగి, కాగిన ఇనుము మీద పట్టే చిట్టెం పెచ్చుతో పాటు బయటికి పోతుంది. కార్బన్ ఎక్కువున్న ఉక్కు అంత వేడికి ఆగదు. ఇసుక కరిగేలోపే నా కట్ట అంచుల్లోంచి చిచ్చుబుడ్డిలా రవ్వలు లేచాయి. ఉక్కు మండిపోతోందన్నమాట. బయటికి తీసి కొడితే పుస్తకంలా విచ్చుకుంది. బ్లేడు మీది పాత రంగు కూడా నేను సరిగా గీకలేదు. తప్పు సగం ఇసుకది, సగం నాది. మావయ్య మాత్రం మొత్తం నా ఖాతాలో రాశాడు.

రెండోసారి ప్రతి రేకునూ గ్రైండర్‌తో తళతళలాడేదాకా రుద్దాను. ఇసుక బదులు కిరాణా కొట్లో కొన్న వెలిగారం (బోరాక్స్). ఎర్రగా కాగిన కట్ట మీద చల్లితే పొంగి, కరిగి, తేనెలా పాకుతుంది. చిట్టెం దాంట్లో కరిగిపోతుంది, కొత్తది పట్టదు. మళ్లీ కొలిమిలో పెట్టి బ్లోయర్ తగ్గించి కూర్చున్నాం. ఇక్కడ తొందరపడకూడదు. పైన పసుపు రంగు వచ్చినా లోపల ఇంకా నారింజే ఉంటుంది. మావయ్య రంగు చూడడు, వెలిగారాన్ని చూస్తాడు. అది కట్ట మీద వెన్నలా జారి, అంచుల్లో బుడగలు లేచేసరికి "తియ్" అన్నాడు. నేను సమ్మెట ఎత్తబోతే చెయ్యి పట్టుకున్నాడు. మొదటి దెబ్బలు బలంగా పడితే పొరలు పక్కకి జారతాయట. చిన్న సుత్తితో, త్వరత్వరగా, ఒక చివర నుంచి రెండో చివరకి. వెలిగారం చిమ్మి ముంజేతి మీద పడింది, మచ్చ ఇప్పటికీ ఉంది. కళ్లద్దాలు లేకపోతే ఏమయ్యేదో.

అతికిన కట్టను సాగగొట్టి, సగానికి నరికి, ఒకదాని మీద ఒకటి పెట్టి మళ్లీ అతికాం. మూడుసార్లు. లెక్కకి 88 పొరలు. కలిసేచోట కమాను ఉక్కు మీద కమాను ఉక్కే పడి రెండూ ఒకటైపోతాయి కాబట్టి 81. తర్వాత రెండు వైపులా అడ్డంగా గాడులు కోసి, కాల్చి చదును చేశాం. ఆ గాడుల వల్లే చారలు నిచ్చెన మెట్లలా వస్తాయి. ఆకురాయితో ఆకారం తేవడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు, చేతులు నొప్పి తప్ప.

ఉక్కు గట్టిపడేలా పదును పట్టేటప్పుడు పాత స్పీకర్ అయస్కాంతం దగ్గర పెట్టుకున్నాను. కాగిన అలుగు (పిడి లేని బాకు) దానికి అంటుకోవడం మానేశాక ఇంకొంచెం కాల్చి, గోరువెచ్చని వేరుశనగ నూనెలో ముంచాను. నీళ్లయితే పగులుతుందని భయం. ఇంటి ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు పెడితే లేత గడ్డి రంగుకి వచ్చింది. వంటిల్లంతా మాడిన నూనె వాసన. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు.

బరంపురంలో ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లో, ఇందాక చెప్పిన యాసిడ్ పని చేసే ఫెర్రిక్ క్లోరైడ్ దొరికింది. నాలుగు పాళ్ల నీళ్లలో కలిపి, అలుగు ముంచి, పది నిమిషాలు పెరట్లో అటూ ఇటూ తిరిగాను. తీసి వంటసోడా నీళ్లలో కడిగితే ముందు అంతా మసి. సన్నటి కాగితంతో రుద్దేకొద్దీ చారలు తేలాయి. అమ్మ చూసి "పనస చెక్కలా ఉందిరా" అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను.

పిడికి మాత్రం మా ఊరే కావాలి. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరు. కొమ్ముతో కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేసే ఒకాయన గేదె కొమ్ముని వేడి చేసి, నొక్కి, రెండు పలకలు తీసి ఇచ్చాడు. రంధ్రం వేస్తుంటే కాలిన జుట్టు వాసన. కొమ్ము జాతి జుట్టు జాతే కదా. ఇత్తడి మేకులు, అరాల్డైట్‌తో బిగించాను. పిడి దగ్గర ఒక అతుకు పూర్తిగా పట్టలేదు, వెంట్రుకంత నల్లగీత. అది కొమ్ము కింద దాక్కుంది. అలంకారానికే కాబట్టి అంచుకి సాన పట్టలేదు.

దసరా ఆయుధ పూజకి దాన్ని తీసుకెళ్లి దాగలి మీద సుత్తి పక్కన పెట్టాను. మావయ్య కుంకుమ బొట్టు పెట్టాడు గానీ మెచ్చుకోలేదు. ఆ వారంలోనే ఒక గొడ్డలికి ఉక్కు అతుకుతూ కనిపించాడు. పక్కన ఇసుక డబ్బా లేదు, నా వెలిగారం పొట్లం ఉంది. తిరిగి ఇమ్మని రెండుసార్లు అడిగాను. ఇవ్వలేదు.