తెల్లవారుజామున నాలుగింటికి చెరువు గట్టు మీద

పోయిన వారం మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, నా వాటాకొచ్చిన రెండెకరాల్లో చేపల చెరువు తవ్విద్దామనుకుంటున్నాను. పిల్లల్ని వదిలేస్తే వాటంతటవే పెరుగుతాయి కదా! ఏడాదికి ఎంత మిగులుతుందో చెప్పు" అన్నాడు. లెక్క చెప్పడం పెద్ద పని కాదు. కానీ "వాటంతటవే పెరుగుతాయి" అన్న మాట వారం రోజులుగా నా బుర్రలోంచి పోవడం లేదు. ఆరేళ్ల కిందట మేం చెరువు మొదలుపెట్టినప్పుడు నేనూ సరిగ్గా ఇదే అన్నాను. అందుకే ఇది ముందు వాడి కోసం, ఆ తర్వాత వాడిలా ఆలోచిస్తున్న వాళ్ల కోసం రాస్తున్నాను.

మా ఇంట్లో అంతకుముందు పశువులుండేవి. గేదెకి ఒంట్లో బాగోకపోతే తెలిసిపోతుంది. మేత ముట్టదు, నెమరు వేయదు, కళ్లు వాలిపోతాయి. చేపల దగ్గర ఆ వీలు లేదు. అయిదారు అడుగుల పచ్చటి నీళ్ల కింద నాలుగు వేల ప్రాణాలున్నా పైకి ఏమీ లేనట్టే ఉంటుంది. అవి ఉన్నట్టుండి పైకి తేలి కనిపించాయంటే చాలాసార్లు అప్పటికే ఆలస్యం అయిపోయి ఉంటుంది. లోపలి సంగతి నీళ్లని చూసి తెలుసుకోవాల్సిందే.

అది నాకు నేర్పింది మా చెరువు కాపలా తాత. ఎన్నో చెరువుల దగ్గర పనిచేసిన మనిషి. "అమ్మాయ్, మోచేయి దాకా చెయ్యి ముంచు. అరచెయ్యి కనబడీ కనబడనట్టు ఉంటే నీళ్లు బాగున్నట్టు. మోచేయి మునగకముందే అరచెయ్యి మాయమైతే నీళ్లు చిక్కబడ్డట్టు. గోళ్లు కూడా లెక్కపెట్టగలిగితే నీళ్లలో తిండి లేనట్టు" అనేవాడు. ఇప్పుడు నా దగ్గర నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ని కొలిచే డీఓ మీటర్ ఉంది, నీళ్లలో ఆమ్లం ఎక్కువో క్షారం ఎక్కువో చెప్పే పిహెచ్ కిట్ ఉంది. అయినా పొద్దున్నే గట్టు దిగి చెయ్యి ముంచకుండా ఏ రోజూ మొదలుపెట్టను.

ఆ పచ్చదనం అంటే ప్లాంక్టన్. కంటికి కనబడని నాచు మొక్కలు. ఎండ ఉన్నంతసేపూ అవి నీళ్లలోకి ఆక్సిజన్ వదులుతాయి. పొద్దు గూకాక అవి కూడా మనలాగే ఆక్సిజన్ పీల్చుకుంటాయి. చేపలూ పీలుస్తాయి, అడుగున కుళ్లే మేత, రెట్ట కూడా దాన్నే లాగేస్తాయి. అంటే రాత్రంతా ఖర్చే తప్ప రాబడి లేదు. సూర్యుడు వచ్చే ముందు ఆ నిల్వ అన్నిటికంటే తక్కువకి పడిపోతుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ పరిస్థితి ఇంకా కష్టం. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు, 30 డిగ్రీలకి వచ్చేసరికి అది ఏడున్నరకి తగ్గుతుంది. చేపలకి మాత్రం ఆ వేడిలోనే ఎక్కువ గాలి కావాలి.

లీటరుకి 5 మిల్లీగ్రాములు ఉంటే చేప హాయిగా ఉంటుంది. 3 కంటే దిగితే మేత మానేస్తుంది. ఒకటికి పడిపోయి కొన్ని గంటలు అలాగే ఉంటే చచ్చిపోతుంది. ఈ మూడు అంకెలూ ఇవాళ నాకు నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. రెండో ఏడాది ఇవేవీ తెలియవు.

ఆ ఏడాది కట్ల, రోహు, మృగాల కలిపి వేశాం. కట్ల పైనీళ్లలో తింటుంది, రోహు మధ్యలో, మృగాల అడుగున. ఒకే చెరువులో మూడు అంతస్తుల కాపురం. కట్లలు ఒకటిన్నర కిలో దాటాయి. ఇంకో నెలలో పట్టుబడి. వరుసగా మూడు రోజులు ముసురు పట్టింది. ఎండ లేదు, ఆకు కదిలేంత గాలి కూడా లేదు. మూడో రోజు సాయంత్రం మా ఆయన ఊళ్లో లేరు. మేత అమ్మే మనిషి అంతకు ముందు వారం వచ్చి "చివరి నెల మేత తగ్గించారంటే బరువు రాదు" అని చెప్పి వెళ్లాడు. ఆ మాట తల్లో ఉంది. రోజూ వేసే మేత మొత్తం వేయించాను. తాత ఆకాశం వైపు చూసి ఏదో అనబోయి ఊరుకున్నాడు. అప్పుడే గట్టిగా అడిగి ఉండాల్సింది.

రాత్రి ఒంటిగంటకి కరెంటు పోయింది. నీళ్లని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు రెండూ ఆగిపోయాయి. ఆ చప్పుడు ఆగినందుకే నాకు మెలకువ వచ్చింది. జనరేటర్ ఉంది, డీజిల్ ఉంది, బ్యాటరీ మాత్రం నెలల తరబడి ఎవరూ చూడలేదు. స్టార్ట్ కాలేదు. నేను గట్టు మీదకి వెళ్లేసరికి టార్చి వెలుగులో నీటి మీద వందల నోళ్లు. గుండ్రంగా తెరుచుకుని, మూసుకుని, గాలిని మింగుతున్నట్టు. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. చిన్న చిన్న చినుకులు పడుతున్నట్టు ఉంటుంది, కానీ వాన లేదు.

తాత, నేను, పక్క చెరువు వాళ్లిద్దరు నీళ్లలోకి దిగాం. వెదురు కర్రలతో, తట్టలతో, ఉత్త చేతులతో నీళ్లు కొట్టాం. పక్క వాళ్ల డీజిల్ ఇంజన్ మోసుకొచ్చి, చెరువు నీళ్లే తోడి పైనుంచి జల్లులా పడేట్టు పెట్టేసరికి మూడున్నర. ఆ మూల దగ్గరికి చేరిన చేపలు బతికాయి. మిగతావి పెద్దవి ముందు పోయాయి. ఆక్సిజన్ తక్కువై పోతే ముందు పెద్ద చేపలే పోతాయని తర్వాత తెలుసుకున్నాను. రోగంతో చావడానికీ, గాలి అందక చావడానికీ తేడా పట్టుకునే గుర్తుల్లో అదొకటి. తెల్లారాక లెక్కపెట్టాం. ఆరు వందల ముప్పై ఎనిమిది. దాదాపు అన్నీ కట్లలే. గొయ్యి తవ్వి సున్నం చల్లి పూడ్చాం. పదకొండు నెలల పని మీద మధ్యాహ్నానికి మట్టి పడింది.

ఎవరి తప్పు అని చాలా రోజులు ఆలోచించాను. కరెంటు పోయింది నిజమే. కానీ ముసురు రోజున నిండా మేత వేయడం నా తప్పు. తిన్న మేత అరగడానికి చేపకి ఇంకా ఎక్కువ ఆక్సిజన్ కావాలి, తినకుండా మిగిలింది అడుగున కుళ్లి మరికాస్త లాగేస్తుంది. అదే రోజు మేత మానేసి ఉంటే బరువులో పోయేది ఎంతో కాదు. ఒక పూట పస్తు ఉంటే చేపకేమీ కాదు.

అప్పటి నుంచి నా నోటుబుక్కు మొదలైంది. సాయంత్రం అయిదింటికి ఒకసారి, తెల్లవారుజామున నాలుగింటికి ఒకసారి మీటర్ ముంచి రాస్తాను. ఎండ కాసిన రోజు సాయంత్రం మీటర్ 9 మిల్లీగ్రాములు, తెల్లవారి 4 చూపిస్తుంది. మబ్బు రోజు సాయంత్రమే 5 చూపిస్తే ఆ రాత్రి ఎవరం పడుకోం. పొద్దు గూకకముందే ఏరియేటర్లు వేస్తాం. జనరేటర్‌ని ప్రతి ఆదివారం పది నిమిషాలు తిప్పి చూస్తాం.

మేత గురించి ఇంకొక్క మాట. ఈ సాగులో ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది. అందుకే అందరూ దాని గురించే సలహాలిస్తారు, అమ్మేవాళ్లు మరీనూ. పదిహేను రోజులకొకసారి వల వేసి కొన్ని చేపల్ని తూచి, మొత్తం బరువు అంచనా కట్టి, రోజుకి అందులో రెండు మూడు శాతం మేత వేయడమే నాకు తెలిసిన పద్ధతి. ఎక్కువ వేస్తే డబ్బు పోవడంతో ఆగదు, నీళ్లలో అమ్మోనియా పెరుగుతుంది. దానికీ పిహెచ్‌కీ ఉన్న సంబంధం ప్రతి రైతూ తెలుసుకోవాలి. పిహెచ్ 7 దగ్గర ఉంటే అమ్మోనియాలో విషంగా మారే భాగం ఒక శాతం కూడా ఉండదు. మన వేడి నీళ్లలో పిహెచ్ 9కి చేరితే ఆ భాగం మూడో వంతు దాటిపోతుంది. నీళ్లు మరీ పచ్చగా ఉన్న చెరువులో మధ్యాహ్నానికి పిహెచ్ పెరుగుతుంది. పొద్దున కొలిచి బాగుందనుకుంటే మోసపోతాం.

చేప పేను బాధ వేరే. గట్టుకి ఒళ్లు రుద్దుకుంటూ చేపలు ఎగిరెగిరి పడుతుంటే అనుమానించాలి. ఇది గట్టి వస్తువుల మీద గుడ్లు పెడుతుంది కాబట్టి నీళ్లలో వెదురు బొంగులు గుచ్చి, వారానికోసారి తీసి ఎండలో ఆరబెడతాం. మందుల కంటే ముందు ఇది చేసి చూడమంటాను.

చేప పిల్లల విషయానికొస్తే, ఒకప్పుడు వానాకాలంలో నదుల్లో వలలు కట్టి పట్టేవాళ్లట. వాటిలో పనికిరాని రకాలు, మిగతావాటిని తినేసే రకాలు కలిసి వచ్చేవి. 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త చేప మెదడు కింద ఉండే పిట్యుటరీ గ్రంథి రసం ఇంజెక్షన్ ఇచ్చి కార్ప్ చేపల (కట్ల, రోహు లాంటి రకాల) చేత గుడ్లు పెట్టించాక ఆ దారి మారింది. ఇవాళ మాలాంటి చిన్న రైతులకి హ్యాచరీల్లో, అంటే గుడ్లు పొదిగించే కేంద్రాల్లో, పుట్టిన పిల్లలు దొరుకుతున్నాయంటే ఆ పనే కారణం. ఒక్కటే చెప్తాను. పిల్లలు వచ్చిన కవర్లని విప్పేసి చెరువులో గుమ్మరించొద్దు. పావుగంటైనా నీళ్ల మీద తేలనిచ్చి, చెరువు నీళ్లు కొంచెం కొంచెంగా కలిపి, అవే ఈదుకుంటూ బయటికి వచ్చేదాకా ఆగాలి.

అమ్మకం దగ్గర రైతుకి బలం తక్కువ. వల వేసి లాగాక చేప ఆగదు, ఆ సంగతి కొనేవాడికి తెలుసు. అందుకే ఇద్దరు ముగ్గురితో మాట్లాడి, బరువు ఎవరి కాటా మీద తూచేదీ ముందే తేల్చుకున్నాకే వల దింపుతాం. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ లెక్కల ప్రకారం 2022లో మొదటిసారి, సముద్రాల్లో నదుల్లో పట్టిన జలచరాల కంటే పెంచినవే ఎక్కువయ్యాయి. సుమారు 9.4 కోట్ల టన్నులు. ఆ అంకె చదివినప్పుడు నాకు ఇన్ని లక్షల గట్ల మీద మేలుకుని కూర్చున్న వాళ్లే గుర్తొచ్చారు. అందులో ఆడవాళ్లు ఎంతమందో! మీటర్ ముంచేది నేను, పుస్తకం రాసేది నేను, మేత తగ్గించాలో పెంచాలో చెప్పేది నేను. శిక్షణ తరగతులకి పిలుపు మాత్రం ఇప్పటికీ మా ఆయన పేరు మీదే వస్తుంది. పోయినసారి ఆయన ఆ కాగితం నా చేతిలో పెట్టి "నువ్వే వెళ్లు" అన్నారు. వెళ్లాను. గదిలో ఆడదాన్ని నేనొక్కదాన్నే.

తమ్ముడూ, చెరువు వద్దని చెప్పడానికి ఇదంతా రాయలేదు. మా పిల్లల చదువులు ఈ నీళ్లలోంచే వస్తున్నాయి. నువ్వు తవ్వకం మొదలుపెట్టే ముందు మబ్బు పట్టిన రోజు చూసుకుని వచ్చి మా గట్టు మీద ఒక రాత్రి ఉండు. నాలుగింటికి నేను లేపుతాను. మీటర్ నువ్వు ముంచు, అంకె నేను రాసుకుంటాను.