సెకనుకు అర మీటరు

మోకాలి కింద ఎముక విరిగితే వెంటనే ఆపరేషన్ చేసేస్తారని అనుకునేదాన్ని. చెయ్యరు. కాలు వాచిపోయి, చర్మం బిగుసుకుని నిగనిగలాడుతూ ఉంటుంది. ఆ చర్మం మీద కోత పెడితే కుట్లు నిలవవు, ఇన్ఫెక్షన్ వస్తుంది. అందుకని కాలిని ఎత్తులో పెట్టి వాపు దిగేదాకా ఆగుతారు. పొద్దున్నే రౌండ్స్‌కి వచ్చిన డాక్టర్ గారు మోకాలి పక్కన చర్మాన్ని రెండు వేళ్లతో మెల్లగా దగ్గరికి నొక్కి చూసేవారు. సన్నటి ముడతలు పడితే వాపు దిగినట్టు. నా కాలికి ఎంతకీ పడలేదు. పక్క మంచం మీద తుంటి ఎముక విరిగిన ఆవిడ ఉండేది. తన నొప్పిలో తాను ఉండి కూడా "ఇయ్యాలన్నా పడ్డయా అక్కా?" అని అడిగేది.

నేను లెక్కల టీచర్ని. హైదరాబాద్ వనస్థలిపురంలో చాలా ఏళ్లుగా ఉంటున్నాం. 2024 వర్షాకాలంలో ఒక సాయంత్రం రైతుబజార్‌లో కూరలు కొనుక్కుని ఇంటికి వస్తూ రోడ్డు దాటుతుంటే కారు గుద్దింది. మేం దాటే చోట రోడ్డు అంచున ఎప్పుడూ రెండు మూడు ట్రాలీ ఆటోలు ఆగి ఉండేవి. ఆ పైన వీధి దీపం వెలగడం మానేసి చాలా కాలమైంది. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన ఇసుక కుప్ప. నడిచే మనిషి ఎలాగూ రోడ్డు మీదికి దిగాల్సిందే. ఆ బండ్ల చాటు నుంచి ముందుకు వస్తే తప్ప నాకు కారు కనపడదు, కారు నడిపేవాళ్లకు నేను కనపడను.

కారు నడిపిన కుర్రాడు పారిపోలేదు. దిగి నా పక్కనే కూర్చుని "ఆంటీ, నిజంగా కనపళ్లేదాంటీ" అని ఏడ్చాడు. నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. కేసు దారి కేసుది, అది ట్రిబ్యునల్‌లో నడుస్తోంది. కానీ ఆ సాయంత్రం అతని స్థానంలో ఇంకెవరున్నా, నా స్థానంలో ఇంకెవరున్నా జరిగేది అదే. నాకు కోపం ఉన్నది ఆ చోటు మీద.

జనం మూగారు. "ముట్టుకోకండ్రి, పోలీస్ కేసయితది" అని ఎవరో అన్నారు. ఒక ఆటో ఆయన వాళ్లను తోసుకుని వచ్చాడు. "ఏం గాదు, ముందు అమ్మను లేపుండ్రి" అన్నాడు. కూరల దుకాణం నడిపే ఆవిడ టమాటా అట్టపెట్టె చింపి, ఆ అట్టలు నా కాలికి రెండువైపులా పెట్టి, తన చున్నీతో పైనా కిందా కట్టింది. ఎక్కడ నేర్చుకుందో తెలియదు. కాలు వేలాడకుండా కట్టడం వల్ల లోపల రక్తనాళాలకు ఇంకో దెబ్బ తగలకుండా ఆగిందని తర్వాత ఆస్పత్రిలో చెప్పారు. ఆటో ఆయన నన్ను క్యాజువాలిటీలో దించి, పేరు కూడా చెప్పకుండా వెళ్లిపోయాడు.

పేరు చెప్పకుండా వెళ్లే హక్కు ఆయనకు ఉంది. ఈ సంగతి ప్రతి ఆటోస్టాండ్‌లో రాసి పెట్టాలని నా కోరిక. దెబ్బ తగిలినవాళ్లను కాపాడేవాళ్లకు రక్షణగా రూపొందిన మార్గదర్శకాలను 2016లోనే సుప్రీంకోర్టు ఆమోదించింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 134ఏ అనే సెక్షన్ చేర్చారు. మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద, చేసేటప్పుడు ఏదైనా పొరపాటు జరిగినా, సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ ఉండదు. పేరు, ఫోన్ నంబరు ఇవ్వమని బలవంతపెట్టకూడదు. "ముట్టుకోకండ్రి" అన్న మనిషి చెడ్డవాడేం కాదు, ఈ సంగతి తెలియనివాడు అంతే.

ఆపరేషన్‌కు ముందు డాక్టర్ గారు ఎక్స్‌రే లైటు మీద పెట్టి చూపించారు. పిక్క ఎముక పైభాగం బల్లపరుపుగా ఉంటుంది, తొడ ఎముక దాని మీద ఆనుకుంటుంది. కారు బంపర్ సరిగ్గా మోకాలి ఎత్తున పక్కనుంచి కొట్టినప్పుడు, తొడ ఎముక ఆ చదునైన భాగాన్ని లోపలికి నొక్కేసింది. కుంగిన భాగాన్ని పైకి లేపి, కింద ఏర్పడిన ఖాళీలో నా నడుము పక్కన ఉండే ఎముక నుంచి తీసిన ముక్కలు నింపి, పక్కన ప్లేటు, స్క్రూలు బిగించారు. నిజం చెప్పాలంటే మొదటి వారం మోకాలి కంటే నడుము దగ్గర ఎముక తీసిన చోటే ఎక్కువ నొప్పి పెట్టింది. ఎవరూ ముందు చెప్పని విషయం కాబట్టి రాస్తున్నాను.

తర్వాత మూడు నెలలు ఆ కాలు కింద పెట్టకూడదు. పడుకుని ఉంటే రక్తం గడ్డ కడుతుందని మా వారు రోజూ పొట్టలో ఇంజెక్షన్ చేసేవారు. ఆయనకు సూది అంటే భయం, చేతులు వణికేవి, అయినా ఒక్కరోజూ మానలేదు. ఇంట్లో ఉన్నది కింద కూర్చునే టాయిలెట్. కమోడ్ కుర్చీ కొని పడక గదిలోనే పెట్టాల్సి వచ్చింది. ఇరవై మంది వచ్చిపోయే ఇంట్లో తలుపు గడియ పెట్టుకుని దాని మీద కూర్చున్నప్పుడు నాకు ఏడుపొచ్చేది. నొప్పికి ఏడవలేదు గానీ దానికి ఏడ్చాను.

ఫిజియోథెరపీ అమ్మాయి మా పెద్దమ్మాయి కంటే చిన్నది. మడమ కింద టవల్ వేసి, రెండు కొసలూ నా చేతికిచ్చి, మంచం మీద మడమను జరుపుతూ మోకాలు వంచమనేది. రెండు ప్లాస్టిక్ చేతులున్న కొలత పరికరాన్ని మోకాలికి ఆనించి డిగ్రీలు చదివేది. ఎన్నేళ్లుగా పిల్లలకు కోణాలు చెబుతున్నానో, నలభై డిగ్రీలకూ నలభై అయిదుకూ మధ్య ఇంత దూరం ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది. లోపల అతుక్కున్న కండ సాగేటప్పుడు మంట. "ఇంకొక్క అయిదాంటీ, అయిదే" అనేది. తొంభై వచ్చిన రోజు ఆ అమ్మాయే ఎగిరి గంతేసింది. తొంభై వస్తే కుర్చీలో మామూలుగా కూర్చోవచ్చు, ఆటో ఎక్కవచ్చు.

ఆటో ఎక్కాక ఇంకో సంగతి తెలిసింది. రివ్యూకి వెళ్లే దారిలో కాలనీల వాళ్లు తమంతట తాము వేసుకున్న స్పీడ్ బ్రేకర్లు ఉన్నాయి. ఇరుగ్గా, నిటారుగా, రంగు లేకుండా. ఒక్కోటి దాటుతుంటే ప్లేటు ఉన్న చోట సూదులు దిగినట్టుండేది. ఆటో ఎంత నెమ్మదిగా పోయినా అంతే. దీనికి లెక్క ఉంది. రోడ్లకు ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పెట్టిన కొలత ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, బండి వెళ్లే దిశలో 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అంటే దాదాపు ఒక చిన్న కారు పొడవంత. అప్పుడది బండిని ఎగరెయ్యదు, వేగాన్ని తగ్గిస్తుంది. మా కాలనీ కుర్రాళ్లు నా మీద అభిమానంతోనే "మేడమ్, మీకు దెబ్బ తగిలిన చోట రాత్రికి రాత్రే బ్రేకర్ వేసేస్తాం, సిమెంటు తెచ్చాం" అంటే వద్దన్నాను. చాలామందికి కోపం వచ్చింది. ఆ దారిన వెళ్లే అంబులెన్సులో నాలాంటి కాలున్న మనిషి ఉంటుందని చెప్పాను. బైకు మీద వెనక కూర్చున్న గర్భిణి ఉంటుందని చెప్పాను. రెండు గంటలు వాదించుకున్నాం, చివరికి సిమెంటు బస్తాలు వెనక్కి వెళ్లాయి.

వేగం తగ్గాలనే మాటలో మాత్రం వాళ్లకూ నాకూ తేడా లేదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారులో, 30తో వచ్చే కారు కంటే దాదాపు 2.8 రెట్లు శక్తి ఉంటుంది. వేగాన్ని వేగంతో గుణించాలి కాబట్టి. మనిషి కనపడ్డాక బ్రేకు మీద కాలు వేసేలోపు ఒక్క సెకను పోయిందనుకున్నా, 50తో వచ్చే కారు అప్పటికే దాదాపు 14 మీటర్లు ముందుకొచ్చేస్తుంది. 30తో అయితే 8 మీటర్లు. నా కాలుకూ ప్రాణానికీ తేడా ఆ కొద్ది మీటర్లే. సగటు వేగం ఒక్క శాతం పెరిగితే ప్రాణం పోయే ప్రమాదం నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. స్కూలుకు తిరిగి వెళ్లాక తొమ్మిదో తరగతి పిల్లలతో ఈ లెక్కలే చేయించాను.

వాకర్ నుంచి మోచేతి కర్రకు మారాక మొదటిసారి జంక్షన్ దగ్గర ఒంటరిగా రోడ్డు దాటాను. పచ్చ మనిషి బొమ్మ వెలిగింది. బయల్దేరాను. డివైడర్ దగ్గరికి కూడా చేరకముందే ఎర్ర దీపం వచ్చేసింది. రెండువైపులా హారన్లు. ఒక స్కూటర్ నా కర్రకు జానెడు దూరంలోంచి పోయింది. కాళ్లు బిగుసుకుపోయి అక్కడే నిలబడిపోయాను. ఒక పండ్ల బండి అతను వచ్చి, చెయ్యి అడ్డం పెట్టి, బండ్లను ఆపి నన్ను అవతలికి చేర్చాడు.

ఇంటికొచ్చి కూర్చుని ఆలోచించాను. మర్నాడు మా వారు, అమ్మాయి కలిసి టేపుతో కొలిచారు. రోడ్డు 18 మీటర్లు. పచ్చ దీపం 15 సెకన్లు. సిగ్నల్ సమయం లెక్క కట్టేటప్పుడు మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని తీసుకోవడం మామూలు. 18ని 1.2తో భాగిస్తే సరిగ్గా 15. లెక్క తప్పు లేదు. ఆ లెక్కలో ఉన్న మనిషి ఆరోగ్యంగా, చేతిలో సంచి లేకుండా, చంకలో పిల్ల లేకుండా నడుస్తున్నాడు. అప్పుడు నా వేగం సెకనుకు అర మీటరు. నాకు 36 సెకన్లు కావాలి. 15 సెకన్లలో ఏడున్నర మీటర్లు వెళ్తాను, డివైడర్ తొమ్మిదో మీటరు దగ్గర ఉంది.

ఆ సాయంత్రం నుంచి ఆ జంక్షన్‌ను వేరే కళ్లతో చూడటం మొదలుపెట్టాను. మోకాళ్ల నొప్పులతో గుడికి వెళ్లే పెద్దావిడలు, పక్షవాతం వచ్చి తేరుకున్న రిటైర్డు క్లర్కు, బియ్యం మూట మోసే హమాలీ, బడి సంచి కింద వంగిపోయిన పిల్లలు. వీళ్లెవరూ సెకనుకు 1.2 మీటర్లు నడవరు. 2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదికలో ఉంది. అందులో దాదాపు అయిదో వంతు నడిచి వెళ్తున్నవాళ్లు. వాళ్లలో నిదానంగా నడిచేవాళ్లు ఎందరో ఆ పట్టికలు చెప్పవు.

అర్జీలు పెట్టడం మొదలుపెట్టాం. దీపాలు ఒక విభాగానివి, రోడ్డు ఇంకొకరిది, సిగ్నల్ మరొకరిది, ట్రాన్స్‌ఫార్మర్ ఇంకెవరిదో. ప్రతిచోటా మర్యాదగానే మాట్లాడారు, ప్రతిచోటా పక్క ఆఫీసుకు పొమ్మన్నారు. కర్రతో మెట్లెక్కడం నాకు కష్టం కాబట్టి మా కాలనీ ఆడవాళ్లు వంతులు వేసుకుని వెళ్లారు. రసీదులన్నీ ఒక ఫైల్లో పెట్టారు. సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు వేశాక వీధి దీపం వెలిగింది.

2025 మేలో రెండు కబుర్లు వచ్చాయి. రోడ్డు ప్రమాదంలో గాయపడినవాళ్లకు ఏడు రోజుల్లోపు లక్షన్నర దాకా నగదు లేకుండా వైద్యం ఇచ్చే పథకాన్ని కేంద్రం 5న నోటిఫై చేసింది. మాకు బీమా ఉండబట్టి గట్టెక్కాం గానీ, ఆస్పత్రిలో అడ్వాన్సు కోసం మెడలో గొలుసు తీసి ఇచ్చినవాళ్లను చూశాను. రెండోది 14న వచ్చింది. ఫుట్‌పాత్ మీద నడవడం జీవించే హక్కు గురించి చెప్పే రాజ్యాంగం 21వ అధికరణ కింద వచ్చే హక్కు అనీ, వికలాంగులు కూడా వాడుకునేలా అవి ఉండాలనీ, ఆక్రమణలు తీసెయ్యాలనీ సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు 2012లో వేసింది కోయంబత్తూరుకు చెందిన ఎముకల డాక్టర్ ఎస్. రాజశేఖరన్. వార్త చదివి మా డాక్టర్ గారికి ఫోన్ చేసి చెబితే ఆయన చాలాసేపు మాట్లాడారు. ఆ ఉత్తర్వు కాపీ తీసి ప్రతి అర్జీకి జత చేశాం.

ఇప్పుడు నాకు దెబ్బ తగిలిన చోట జీబ్రా గీతలు ఉన్నాయి, ట్రాలీ ఆటోలు నిలవకుండా ఇనుప స్తంభాలు పాతారు, ఇసుక కుప్ప లేదు. ట్రాన్స్‌ఫార్మర్ అలాగే ఉంది. జంక్షన్ దగ్గర పచ్చ దీపం 25 సెకన్లకు పెంచారు. 36 ఇస్తే బండ్లు వెనక జంక్షన్ దాకా నిలిచిపోతాయని ఇంజనీరు గారు అన్నారు. ఆయన మాటలో నిజం ఉంది. అందుకే డివైడర్ దగ్గర ఆగే చోటు కట్టమని అడుగుతున్నాం. సగం దాటి, అక్కడ నిలబడి, మళ్లీ పచ్చ దీపానికి మిగతా సగం దాటవచ్చు. తొమ్మిది మీటర్లకు నాకు 18 సెకన్లు చాలు. ఆ చోటు వీల్‌చైర్ పట్టేంత వెడల్పు ఉండాలి, మెట్టు లేకుండా రోడ్డుతో సమంగా ఉండాలి. డ్రాయింగ్ వేశారు, డబ్బు మంజూరు కాలేదు.

నా మోకాలు ఇప్పుడు 120 డిగ్రీలు వంగుతుంది. కింద కూర్చోలేను, చలికాలం పొద్దున్నే బిగుసుకుంటుంది, బ్రేకు చప్పుడు వింటే ఇంకా గుండె ఆగినట్టవుతుంది. ప్లేటు తియ్యాలా వద్దా అన్నది డాక్టర్ గారు వచ్చే ఏడాది చెబుతామన్నారు. సోమవారం, అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణికి మళ్లీ వెళ్తున్నాం. వనస్థలిపురం చుట్టుపక్కల కాలనీల వాళ్లు రాదలిస్తే, మీ జంక్షన్ దగ్గర రోడ్డు వెడల్పు, పచ్చ దీపం వెలిగే సెకన్లు కొలిచి కాగితం మీద రాసుకుని రండి.