సరుగుడు అలవాటుతో సీడర్ నాటకండి

భీమిలి తీరాన సరుగుడు తోటలు చూస్తూ పెరిగిన విశాఖ వాళ్లకి అమెరికాలో మిస్సోరి, కాన్సాస్ పల్లెల్లోని సీడర్ చెట్టు కొత్తగా అనిపించదు. అదే సన్నాకు, గాలికి అదే అడ్డు. ఉద్యోగానికొచ్చి ఊరి బయట రెండు మూడెకరాలు కొనుక్కున్న మనవాళ్లు రోడ్డు కనబడకుండా దీన్నే నాటుతుంటారు. పోలిక అంతవరకే. ఈ ఈస్టర్న్ రెడ్ సీడర్ మన దేవదారు జాతి కూడా కాదు, జూనిపర్ అనే వేరే జాతి.

మనకి నాట్లంటే తొలకరి. ఇక్కడ జూన్ వానకి పీకి నాటితే వెనకే వచ్చే ఎండలకి మాడిపోతుంది. మంచు కరిగి నేలలోకి పార దిగినప్పటి నుంచి కొత్త చిగురు పడేలోపే అదను, ఇంచుమించు మార్చి నెల. తవ్వేముందు 811కి ఫోన్ చేస్తే భూమిలో గ్యాస్ పైపులు, కరెంటు తీగలు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తు పెట్టి వెళతారు.

పొలంలో తనంతట తాను మొలిచినవాటిలో అడుగు నుంచి రెండడుగుల మొక్కలే తీయండి. పెద్దది తెస్తే తెర తొందరగా వస్తుందనిపిస్తుంది కానీ దాని వేర్లు చాలావరకు పాత గోతిలోనే తెగి ఉండిపోతాయి. ముందురోజు నీళ్లు పెట్టి, చుట్టూ 10–12 అంగుళాల వెడల్పున పదునైన పారతో కోసి, మట్టిగడ్డ విడిపోకుండా ఎత్తి తడి గోనెపట్టాలో చుట్టాలి. వేరుకి ఎండ, గాలి సోకకూడదు. సీడర్ చచ్చాక కూడా వారాల తరబడి పచ్చగానే ఉంటుంది. జూన్‌లో ఎర్రబడితే నీళ్లు చాలలేదనుకుంటారు, నిజానికి చాలాసార్లు దాని ప్రాణం పోయింది మార్చిలో, వేరు ఆరిన ఆ కాసేపట్లోనే. శనివారం తవ్వి ఆదివారం నాటుదామనుకోవద్దు. తప్పకపోతే నీడలో తడిమట్టి కప్పి ఉంచండి.

గొయ్యి వెడల్పు మట్టిగడ్డకి రెండింతలు, లోతు మాత్రం సరిగ్గా అంతే. 2014లో హుద్‌హుద్‌కి విశాఖ చెట్లు కూలడం చూసినవాళ్లకి లోతుగా పాతితే గట్టిగా నిలుస్తుందనిపించడం సహజం. కానీ మొదలు పూడితే వేరుకి గాలాడదు. ఎరువు కలపకుండా తీసిన మట్టే వేసి, బోలు లేకుండా అదమండి. వేసవికి వచ్చిన పెద్దవాళ్లు కొబ్బరికి చేసినట్టు లోతు పాదు చేయబోతారు. ఇక్కడి బంకమట్టిలో నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది. పాదు బదులు మొదలుకి తగలకుండా మూడంగుళాల చెక్కపొట్టు పరిచి, వానలేని వారం వారం తడిపితే చాలు. మొదటి రెండు వేసవులూ ఇది తప్పదు.

రెండు వరసలు, వరసల మధ్య 12 అడుగులు, మొక్కకీ మొక్కకీ 8 అడుగులు, ఎదురెదురుగా కాకుండా సందుకి మొక్క వచ్చేలా. కింది కొమ్మలు నరకొద్దు. కుందేళ్లు, పిట్టలు దాక్కునేది అక్కడే. నీడపడినా ఆ కొమ్మలే ముందు ఎండుతాయి. ఆడచెట్ల నీలిపండ్లకి సీడర్ వాక్స్‌వింగ్ పిట్టలు గుంపులుగా వస్తాయి, ఆ దృశ్యం నిజంగా పండగే. అయితే ఆ పిట్టలే విత్తనాలు పక్క పచ్చికబయళ్లలో రాలుస్తాయి, అక్కడ సీడర్ కలుపుచెట్టు. పశువులు మేపే పొరుగువారుంటే ముందే మాట్లాడండి. ఆపిల్ చెట్ల దగ్గర వద్దు, రెండిటి మధ్యా తుప్పు తెగులు తిరుగుతుంది. నూనె ఉన్న చెట్టు, నిప్పు తొందరగా అంటుకుంటుంది కాబట్టి ఇంటి గోడకి ఆనించీ వద్దు.

మగజింకలు కొమ్ములు రుద్ది లేతకాండం తోలు ఒలిచేస్తాయి, నాలుగడుగుల ఇనుపవల చుట్టండి. చలికాలంలో కొమ్మలకి వేలాడే పురుగుసంచులు కనిపిస్తే గుడ్లు పొదగకముందే తెంపి సబ్బునీళ్లలో వేయండి.