యాంటెన్నాను తలకిందులు చేశాక

మాది నెల్లూరు. రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు తిప్పే మోటార్లకు కంట్రోల్ ప్యానెళ్లు చేసే చిన్న యూనిట్లో పనిచేస్తున్నా. ప్యానెల్ నుంచి ఎంత రేడియో రొద బయటికొస్తోందో మేమే చూసుకుందామని ఆత్మకూరు వైపు ఓ బీడు పట్టుకుని, నేలంతా గాల్వనైజ్డ్ రేకులు పరిచాం. టౌన్లో ఎఫ్‌ఎం, సెల్ టవర్ల గోలలో మా ప్యానెల్ గొంతు ఎక్కడ వినపడుద్ది?

రేకులేస్తే కొలతలు తీసే సైటు అయిపోదు. ఒక యాంటెన్నా నుంచి ఇంకోదానికి సిగ్నల్ ఎంత తగ్గిందో కొలిచి, లెక్క ప్రకారం రావాల్సిన అంకెతో పోల్చాలి. 30 నుంచి 1000 మెగాహెర్ట్జ్ దాకా ఎక్కడా తేడా 4 డెసిబెల్స్ (సిగ్నల్ బలాన్ని పోల్చే కొలమానం) దాటకూడదు.

ఖర్చు కలిసొస్తుందని, మొత్తం రేంజికి ఒక్కటే చాలే హైబ్రిడ్ యాంటెన్నాలు రెండు అద్దెకు తెచ్చా. 3 మీటర్ల దూరం పెట్టి, అవతలిదాన్ని 1 నుంచి 4 మీటర్ల ఎత్తు దాకా లేపుతూ ఎక్కువొచ్చిన రీడింగ్ రాసుకున్నాం. యాంటెన్నా పుల్లలు అడ్డంగా ఉన్నంతసేపూ బానే ఉంది. నిలువుగా తిప్పేసరికి 60 మెగాహెర్ట్జ్ లోపల తేడా 6 దాకా పోయింది. రేకుల అతుకుల మీద అనుమానం. రెండు వారాలు ఎండలో స్క్రూలు బిగించాం. గీత కదిలితే ఒట్టు.

చివరికి చెన్నైలో ఈ పనిలో తలపండిన ఒకాయనకు ఫోన్ చేశా. అంతా విని, "యాంటెన్నాను తలకిందులు చేసి చూడబ్బాయ్" అన్నాడు. ఎగతాళనుకున్నా. నిలువుగా ఉన్నదాన్ని 180 డిగ్రీలు తిప్పితే రీడింగ్ 1 డెసిబెల్ మించి మారకూడదట. మాది 3 మారింది! లోపల కేబుల్‌ను పుల్లలకు కలిపే బాలన్ అనే భాగం కరెంటును రెండు పుల్లలకీ సమంగా పంచడం లేదు. మిగిలిన కరెంటు కేబుల్ పైతొడుగు మీద పారుతోంది. ఆ కేబుల్‌ను పుల్ల పక్కనే నిలువుగా వేలాడదీశాం కదా, అదీ ఒక యాంటెన్నా అయి కూర్చుంది.

"డైపోల్ తెమ్మంటారా సార్?" అంటే నవ్వాడు. డైపోల్ అంటే రెండు పుల్లల సాదా యాంటెన్నా; 30 మెగాహెర్ట్జ్ దగ్గర అది 5 మీటర్ల పొడవు. నిలబెట్టాలంటే దాని నడుమే 2.75 మీటర్ల ఎత్తుండాలి, పైగా ప్రతి ఫ్రీక్వెన్సీకీ చేత్తో పొడవు సర్దాలి. అందుకని కింది రేంజికి బైకోనికల్, పైదానికి లాగ్ పీరియాడిక్ అనే రకం యాంటెన్నాలు తెచ్చాం. మాన్యువల్లో అచ్చేసిన సగటు ఫ్యాక్టర్లు (యాంటెన్నా రీడింగును అసలు సిగ్నల్ బలంగా మార్చే అంకెలు) కాకుండా, ఆ సీరియల్ నంబరుకే చేసిన క్యాలిబ్రేషన్ షీట్లు పట్టుబట్టి అడిగా. లెక్కలో రెండు యాంటెన్నాల ఫ్యాక్టర్లూ తీసేస్తాం కాబట్టి రెండింటి తప్పులూ సైటు నెత్తినే పడతాయి. కేబుల్‌ను మీటరు పైగా వెనక్కి లాగి దించి, పైతొడుగు మీద పారే కరెంటును అడ్డుకునే ఫెరైట్ రింగులు తగిలించాం.

ఈసారి అన్నిటికన్నా పెద్ద తేడా 3.1. రేకులకు మాత్రం కావాల్సినదానికి రెండింతలు స్క్రూలున్నాయి.